తీర్పు - వాయిదా: తెలుగు కథనాల్లో క్యాన్సర్ చికిత్సాకాలం (పశ్చిమ కర్నూలు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం

తెలుగు చలనచిత్రాల్లో క్యాన్సర్ ఎక్కువగా మరణాన్ని ప్రకటించే తీర్పుగా కనిపిస్తుంది. నిజజీవితంలో మాత్రం అది నెలలు, కొన్ని సందర్భాల్లో సంవత్సరాలు సాగే చికిత్స. ఈ రెండింటి నడుమ ఉన్న అంతరాన్ని ‘ప్రేమాభిషేకం’, ‘మాతృదేవోభవ’, ‘చక్రం’ చిత్రాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కుటుంబాలకు చికిత్స అంటే ఏమిటో ఆ చిత్రాల పక్కన పెట్టి చూస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి జీవితంలోని చివరి దశను ఒక భిన్నమైన నమూనాగా ప్రతిపాదిస్తుంది. కరువు కథను నిర్మించుకున్న రాయలసీమ సాహిత్యానికి చికిత్సాకాలాన్ని చెప్పగల శిల్పం ఇప్పటికే ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: క్యాన్సర్, చికిత్సాకాలం, రోగకథనం, రాయలసీమ, ఆదోని, ఎమ్మిగనూరు, సుగ్గి, తెలుగు చలనచిత్రం.

1. ఉపోద్ఘాతం

ఒక ఇంట్లో ఒకరికి క్యాన్సర్ ఉన్నదని తెలిసిన తరువాత ఇరుగుపొరుగు, బంధువులు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండు. ‘నయమైందా?’ అన్నది మొదటిది. ‘డాక్టర్లు ఎన్నాళ్లన్నారు?’ అన్నది రెండవది. మొదటి ప్రశ్న విజయాన్ని కోరుతుంది, రెండవది మరణానికి సిద్ధపడుతుంది. ఈ రెండింటికీ నడుమ ఉన్న స్థితికి, అంటే మందు నడుస్తూ, పరీక్షలు జరుగుతూ, ఇల్లు కూడా నడుస్తూ ఉన్న స్థితికి, వాడుకలో స్థిరపడిన ప్రశ్న లేదు. ప్రశ్న లేనిచోట జవాబు చెప్పడం కూడా కష్టమే. చికిత్స పొందుతున్న మనిషి ‘బాగానే ఉన్నాను’ అని తప్పించుకోవడమో, మౌనంగా ఉండడమో జరుగుతుంది.

ఈ కొరతకు వైద్యపరమైన కారణాలు మాత్రమే లేవు, కథనపరమైన కారణాలు కూడా ఉన్నాయి. సమాజం ఒక అనుభవాన్ని గురించి మాట్లాడే తీరును ఆ సమాజంలో ప్రచారంలో ఉన్న కథలు చాలావరకు నిర్ణయిస్తాయి. తెలుగువారికి క్యాన్సర్ కథను విస్తృతంగా పరిచయం చేసినది చలనచిత్రం. కనుక ఆ కథ ఏ రూపంలో అందింది, అందులో ఏది లోపించింది అన్నది సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయం.

2. పేరులోని భారం

తెలుగులో ఈ వ్యాధికి ‘రాచపుండు’ అన్న పాతమాట ఉన్నది. సమాసంలో ‘రాచ’ అన్నది రాజును, ఆధిక్యాన్ని సూచిస్తుంది. అంటే ఇది పుండ్లలో రాజు వంటిది. 2010లో సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ చరిత్రను రాసి, దానికి సకల వ్యాధులకూ చక్రవర్తి అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. రెండు పేర్లూ వ్యాధికి అధికారాన్ని కట్టబెట్టేవే. గ్రీకు వైద్యులు పీతను సూచించే మాటతో దీనిని పిలిచారు. ‘క్యాన్సర్’ అన్న లాటిన్ మాటకూ అర్థం పీతే.

వాడుక భాష మరోదారి పట్టింది. చాలా ఇళ్లలో పేరు పలకకుండా ‘ఆ జబ్బు’, ‘పెద్ద జబ్బు’, ‘గడ్డ’ అంటారు. విశేషం ఏమిటంటే, వ్యాధి పేరును దాచిన ఇదే వాడుక చికిత్సకు సొంత మాటలను కల్పించుకున్నది. బయాప్సీని ‘ముక్క పరీక్ష’ అన్నారు. రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అన్నారు. కీమోథెరపీని ‘కీమో ఎక్కించడం’ అన్నారు. తెల్లరక్తకణాలు తగ్గితే ‘కౌంటు పడిపోయింది’ అన్నారు. చికిత్సకు ఒక పదకోశం ప్రజల నోట తయారైంది, కానీ ఆ పదకోశంతో అల్లిన కథలు మాత్రం అరుదు.

సూసన్ సొంటాగ్ 1978లో వెలువరించిన గ్రంథంలో క్షయ, క్యాన్సర్ వ్యాధులమీద సమాజం మోపిన రూపకాలు రోగులకు హాని చేస్తాయని వాదించారు. తెలుగు పత్రికల్లో తరచు కనిపించే ‘క్యాన్సర్‌ను జయించారు’, ‘పోరాడి ఓడారు’ వంటి శీర్షికలకు ఆ వాదం నేటికీ వర్తిస్తుంది. ఈ యుద్ధభాష ప్రకారం మరణించినవారు సరిగా పోరాడనివారు అవుతారు. చికిత్స కొనసాగుతున్నవారికైతే అందులో చోటే లేదు.

3. మూడు చిత్రాలు - ఒకే తీర్పు

దాసరి నారాయణరావు దర్శకత్వంలో 1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’ తెలుగులో క్యాన్సర్ కథకు మూసను స్థిరపరచింది. తనకు క్యాన్సర్ ఉన్నదని తెలుసుకున్న కథానాయకుడు ఆ సంగతిని ప్రియురాలికి చెప్పడు. ఆమె తనను ద్వేషించి మరొకరిని పెండ్లాడాలని పతితుడిగా నటిస్తాడు. ఇక్కడ వ్యాధి శరీరానికి సంబంధించినది కాదు, ప్రేమకు పెట్టిన పరీక్ష. కథానాయకుడు దాచడమే అతని గొప్పతనం అవుతుంది. చికిత్స గురించి గట్టిగా ఆలోచిస్తే ఈ త్యాగం నిలవదు. చికిత్సకు తోడు మనిషి కావాలి, డబ్బు కావాలి, సంతకం పెట్టేవారు కావాలి. ఇవేవీ రహస్యంగా జరిగేవి కావు. అందుచేత కథకు త్యాగం కావాలంటే చికిత్స లేకుండా ఉండడం తప్పనిసరి అయింది.

1993లో కె. అజయ్‌కుమార్ దర్శకత్వంలో వచ్చిన ‘మాతృదేవోభవ’ మలయాళ చిత్రం ‘ఆకాశదూతు’కు పునర్నిర్మాణం. భర్తను కోల్పోయిన తల్లి తనకు బ్లడ్ క్యాన్సర్ ఉన్నదని తెలుసుకుని, తాను పోయేలోగా పిల్లలను ఇతర కుటుంబాలకు దత్తత ఇవ్వడానికి పూనుకుంటుంది. మూడింటిలోనూ ఈ చిత్రం జీవితానికి దగ్గరది. ఇందులో వ్యాధి ప్రేమకథకు అలంకారం కాదు, ఇంటి బాధ్యతల లెక్క. ఎవరు ఎవరిని చూసుకుంటారు, పిల్లలకు అన్నం ఎక్కడిది అన్న ప్రశ్నలను ఇది నేరుగా అడిగింది. ఈ చిత్రంలోని పాటకు వేటూరి సుందరరామమూర్తికి జాతీయ పురస్కారం లభించింది. అయినా ఇక్కడ కూడా తల్లి చేసే పనులన్నీ మరణానికి సన్నాహాలే. చికిత్సకు ఆమె కాలంలో చోటు లేదు. ఆ పేదరికంలో అది సహజమే అనవచ్చు. కాని పేదరికంవల్ల చికిత్స అందకపోవడం ఒక సామాజిక సమస్య. చిత్రం దానిని విధిగా మార్చింది.

2005లో కృష్ణవంశీ దర్శకత్వంలో వచ్చిన ‘చక్రం’ ఈ వరుసలో మూడవది. బ్లడ్ క్యాన్సర్ ఉన్న యువకుడు తన రోగాన్ని దాచి, మిగిలిన కొద్దికాలాన్ని చుట్టూ ఉన్నవారికి సంతోషం పంచుతూ గడుపుతాడు. హృషీకేశ్ ముఖర్జీ 1971లో తీసిన హిందీ చిత్రం ‘ఆనంద్’ ఛాయ ఇందులో స్పష్టం. రోగి తన బాధను మింగి ఇతరులకు తత్త్వబోధ చేయాలన్న ఆశ ఇక్కడ పరాకాష్ఠకు చేరింది.

ఈ చిత్రం విడుదలైన కాలానికి బయట మారిన పరిస్థితిని గమనించాలి. బ్లడ్ క్యాన్సర్లలో ఒక రకమైన క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకు ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా 2003లో దాని జనరిక్ రూపాన్ని విపణిలోకి తెచ్చింది. ఇమాటినిబ్ పేటెంటుకు సంబంధించి నోవార్టిస్ సంస్థ వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. బ్లడ్ క్యాన్సర్లన్నీ ఒకటి కావు, అన్నింటికీ ఈ మాత్ర పనిచేయదు. కాని ఒక రకానికైనా సరే, రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి పనిచేసుకుని బతికే వీలు వచ్చింది. ఆ మందు తయారైన నగరమే తెలుగు చిత్రపరిశ్రమకు కేంద్రం. వెండితెరమీది బ్లడ్ క్యాన్సర్ మాత్రం పాత తీర్పునే చదివింది.

4. ఆదోని, ఎమ్మిగనూరు: వాయిదాల కాలం

కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. ఎమ్మిగనూరు చేనేత పట్టణం. అక్కడి చేనేత సహకార సంఘం 1938లో మాచాని సోమప్ప చొరవతో ఏర్పడింది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వంటి మండలాల నుంచి పనికోసం ఏటా కుటుంబాలు వలసపోతాయి. దీనిని స్థానికంగా ‘సుగ్గికి పోవడం’ అంటారు. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపించే ప్రాంతమిది. ఇటువంటి చోట క్యాన్సర్ చికిత్స అంటే ఏమిటో చూస్తే పై చిత్రాలు వదిలేసిన భాగం కంటికి కనబడుతుంది.

మొదటిది దూరం. ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. బొంబాయి - మద్రాసు రైలుమార్గంమీద ఉన్నప్పటికీ ఆదోని నుంచి జిల్లా కేంద్రానికి నేరుగా రైలుమార్గం లేదు, బస్సే ఆధారం. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల కాకపోతే బళ్లారి, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సంస్థ, బెంగుళూరులోని కిద్వాయి సంస్థ గుర్తుకు వస్తాయి. కీమోథెరపీ అనేక సందర్భాల్లో 21 రోజులకు ఒకసారి ఇస్తారు. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష ఉంటుంది. కౌంటు తక్కువగా ఉంటే ఆ విడత వాయిదా పడుతుంది, వచ్చిన బస్సులోనే తిరిగిపోవాలి. రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. దానికి రోజూ ప్రయాణం కుదరదు, ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉండాలి. తోడుగా వచ్చినవారి కూలి పోతుంది.

ఇక్కడ ‘వాయిదా’ అన్న మాట ఉద్దేశపూర్వకంగానే వాడబడింది. ఈ ప్రాంత ప్రజలకు అది కోర్టునుంచీ అప్పునుంచీ పరిచితమైన మాట. తీర్పు ఒకసారి వస్తుంది. వాయిదాకు మాత్రం మళ్లీ మళ్లీ హాజరు కావాలి, ప్రతి వాయిదాకూ ఖర్చు ఉంటుంది, తరువాతి తేదీ తెలుసుకుని ఇంటికి రావాలి. చికిత్సాకాలం స్వభావం సరిగ్గా ఇదే.

రెండవది వలసతో దీనికి ఉన్న సంబంధం. సుగ్గికి పోవడం కూడా ఇల్లు వదిలి ఉండడమే. పిల్లలను ముసలివారికి అప్పగించడం, మూటాముల్లె సర్దుకోవడం, పరాయి ఊళ్లో వండుకుని తినడం రెండింటిలోనూ ఉన్నాయి. కాని సుగ్గినుంచి కుటుంబం ఎంతోకొంత సంపాదనతో తిరిగివస్తుంది. చికిత్సనుంచి కాగితాల ఫైలుతోనూ తరువాతి తేదీతోనూ తిరిగివస్తుంది. వలస కథలు రాసిన సీమ సాహిత్యం ఈ రెండవ ప్రయాణాన్ని వలసగా గుర్తించవలసి ఉన్నది.

మూడవది పని. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసి చంకలోని గ్రంథులను తొలగించినప్పుడు ఆ వైపు చేయి వాచే అవకాశం ఉంటుంది. ఆ చేతికి గాయం కాకుండా చూసుకోవాలని, ఎక్కువ బరువులు ఎత్తరాదని సలహా ఇస్తారు. పత్తి తీసే స్త్రీకీ, మగ్గం ముందు కూర్చునే స్త్రీకీ ఈ సలహా జీవనాధారాన్నే తాకుతుంది. పత్తికాయ కొనలు గుచ్చుకోకుండా పత్తి తీయడం సాధ్యం కాదు. ఆమె ఎదుర్కొనే ప్రశ్న ‘బతుకుతానా?’ అన్నది మాత్రమే కాదు, ‘ఈ చేత్తో ఏ పని చేసి బతకాలి?’ అన్నది కూడా. ఈ రెండవ ప్రశ్నను అడిగిన తెలుగు చిత్రం ఈ మూడింటిలో లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అందుబాటులోకి తెచ్చి ఈ చిత్రాన్ని చాలావరకు మార్చింది. ప్రభుత్వాలతోపాటు పథకం పేరు మారినా జనం నోట అది ఆరోగ్యశ్రీగానే నిలిచింది. దీనివల్ల కథనానికి సంబంధించిన ఒక మార్పు కూడా జరిగింది. ‘మాతృదేవోభవ’లోని తల్లికి లేని చికిత్సాకాలం ఆమెవంటి స్త్రీకి నేడు లభించే వీలున్నది. కాని ఆ కాలంలో ఎలా బతకాలో చెప్పే కథ ఆమెకు అందలేదు.

5. ఇంట్లోని తక్కిన జబ్బులు

చిత్రాల్లో క్యాన్సర్ వచ్చిన మనిషికి మరే జబ్బూ ఉండదు, ఆ ఇంట్లో మరెవరికీ ఏ జబ్బూ రాదు. ఒక పెద్ద వ్యాధి తెరమీదికి రాగానే తక్కినవన్నీ తప్పుకుంటాయి. నిజమైన ఇంట్లో అత్తగారికి షుగరు మాత్రలు అయిపోతాయి, మామగారి బీపీ పెరుగుతుంది, బిడ్డకు జ్వరం వస్తుంది. కీమో ఎక్కించుకున్న తల్లి వారం తిరగకముందే బిడ్డ నుదురు తాకి చూస్తుంది. ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉన్నది. కీమోవల్ల తెల్లరక్తకణాలు తగ్గిన మనిషికి జ్వరం అత్యవసర పరిస్థితి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. ఇంట్లో ఒకరి మామూలు జ్వరం మరొకరికి ప్రాణాపాయం కావచ్చు. బిడ్డను దగ్గరికి తీయాలా, దూరంగా ఉంచాలా అన్నది ఆ తల్లికి ఎదురయ్యే సంశయం. ‘ప్రేమాభిషేకం’లోని కల్పిత త్యాగంకంటే ఈ సంశయంలో నాటకీయత తక్కువేమీ కాదు.

అదేవిధంగా దాచడం కూడా. చిత్రాల్లో కథానాయకుడు ప్రియురాలి మేలుకోరి దాస్తాడు. ఇళ్లలో దాచడానికి కారణాలు వేరు. ఆడపిల్లకు సంబంధాలు తప్పిపోతాయన్న భయం, అంటుకుంటుందేమోనన్న అపోహ, పెద్దవారు తట్టుకోలేరన్న జాలి వాటిలో కొన్ని. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అయినా పళ్లెం, గ్లాసు వేరుచేసే ఇళ్లు ఉండవచ్చు. రోగికి తెలియకుండా కుటుంబమే దాచడం కూడా ఉన్నది. అప్పుడు ఆసుపత్రి ఫైలు ఇంట్లో అందరూ మోసే, రోగి మాత్రం చదవని గ్రంథమవుతుంది. అది ఇంగ్లీషులో ఉండడం ఆ దాపరికానికి సాయపడుతుంది. ఆమె శరీరం గురించి రాసిన అతి వివరమైన రచన ఆమె మాట్లాడే ఏ భాషలోనూ లేదు.

6. గొంతు పోయిన తరువాత: కృష్ణశాస్త్రి ఉదాహరణ

వెండితెర మూసకు ప్రత్యామ్నాయం తెలుగు సాహిత్యచరిత్రలోనే ఉన్నది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గొంతు క్యాన్సర్ కారణంగా 1963లో స్వరాన్ని కోల్పోయారు. కవితాగానానికీ ఉపన్యాసానికీ పేరుపొందిన కవికి అది ఎంతటి నష్టమో చెప్పనవసరం లేదు. ఆ తరువాత ఆయన 1980 ఫిబ్రవరి వరకు, అంటే 16 సంవత్సరాలకు పైగా జీవించారు. చెప్పదలచినది కాగితంమీద రాసి చూపేవారు. ‘ఉండమ్మా బొట్టు పెడతా’ (1968), ‘సీతామాలక్ష్మి’ (1978), ‘గోరింటాకు’ (1979) వంటి చిత్రాలకు పాటలు రాశారు. 1976లో పద్మభూషణ్ అందుకున్నారు.

కృష్ణశాస్త్రి గురించిన ప్రస్తావనల్లో ఈ దశ ఎక్కువగా ‘మూగవోయిన కోకిల’ తరహా విషాదంగానే కనిపిస్తుంది. భావకవి జీవితాన్ని భావకవిత్వపు పద్ధతిలోనే చదవడం ఇది. మరొక పఠనం కూడా సాధ్యమే. చికిత్స ఒక సామర్థ్యాన్ని తీసుకుంది, బ్రతుకును మిగిల్చింది. మిగిలిన బ్రతుకుకు ఆయన కొత్త పద్ధతులు వెతుక్కున్నారు. తాను పలకలేని పదాలను ఇతరుల గొంతులకోసం రాశారు. ఇది పూర్తి స్వస్థతా కాదు, ఓటమీ కాదు. ఆర్థర్ ఫ్రాంక్ 1995లో వెలువరించిన రోగకథనాల అధ్యయనంలో, బాగానే ఉన్నా పూర్తిగా నయమైనట్టు ఎన్నడూ చెప్పుకోలేని మనుషుల సమూహాన్ని గుర్తించి దానికి ప్రత్యేకంగా పేరు పెట్టారు. ఆ పేరు పుట్టకముందే ఆ స్థితిలో జీవించి, రచన చేసిన తెలుగు కవి కృష్ణశాస్త్రి.

7. అభ్యంతరం - సమాధానం

ప్రజాదరణ కోరే కథకు ముగింపు కావాలి, 21 రోజులకొకసారి జరిగే ఒకే పనిని ఎలా చూపగలరు అన్నది సహజమైన అభ్యంతరం. సోల్జెనిత్సిన్ ‘క్యాన్సర్ వార్డు’ నవల ఆసుపత్రి గదిలోని దినచర్యనుంచే కథను నిర్మించింది. మలయాళ నటుడు ఇన్నోసెంట్ తన చికిత్సానుభవాన్ని హాస్యంతో పుస్తకంగా రాశారు. తెలుగులో కర్నూలు వైద్య కళాశాలలో చదివిన క్యాన్సర్ వైద్యులు నోరి దత్తాత్రేయుడు ‘ఒదిగిన కాలం’ పేరుతో ఆత్మకథ రాశారు. అది వైద్యుని జీవనయానం. దానికి ఎదురుగా మంచంమీదినుంచి, బస్సులోనుంచి, వంటింట్లోనుంచి రాసిన పుస్తకాలు కూడా ఉండాలి.

అయితే బయటి ఉదాహరణలకంటే బలమైన సమాధానం రాయలసీమ కథలోనే ఉన్నది. కరువు ఒకేసారి విరుచుకుపడి ముగిసే సంఘటన కాదు. వాన కోసం ఎదురుచూడడం, విత్తనం వేయాలా వద్దా అని తర్జనభర్జన పడడం, అప్పు తిరగరాయించుకోవడం, ఒక ఏడు పండినా మరుసటి ఏడుమీద నమ్మకం లేకపోవడం కరువు కథలోని వస్తువులు. ముగింపు లేని కాలాన్ని, అనిశ్చితితో నడిచే కాపురాన్ని చెప్పడానికి సీమ కథకులు దశాబ్దాలుగా శ్రమించి ఒక శిల్పాన్ని సాధించారు. స్కాన్ ఫలితం కోసం ఎదురుచూడడం వానకోసం ఎదురుచూడడం లాంటిదే. ఈసారి బాగుందన్న మాట ఒక పంట చేతికి రావడం లాంటిది. దానితో కరువు పోయిందని ఏ రైతూ అనుకోడు, అలాగని సేద్యం మానుకోడు కూడా. కనుక చికిత్సాకాలాన్ని తెలుగులో రాయడానికి తగిన సంప్రదాయం ఎక్కడో వెతకనవసరం లేదు. అది ఆదోని, ఎమ్మిగనూరు నేలమీదనే ఉన్నది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. పరిశీలించిన మూడు చిత్రాలూ క్యాన్సర్‌ను మరణతీర్పుగా చూపి, చికిత్సాకాలాన్ని కథనుంచి తొలగించాయి. త్యాగం, దాపరికం గొప్పవిగా నిలబడాలంటే ఆ తొలగింపు అవసరమైంది.

2. ‘మాతృదేవోభవ’ వ్యాధిని కుటుంబ బాధ్యతల లెక్కగా చూపడంలో తక్కిన రెండింటికంటే ముందున్నది. అయితే చికిత్స అందని సామాజిక స్థితిని విధిగా భావించింది.

3. పశ్చిమ కర్నూలు కుటుంబాలకు చికిత్స అంటే దూరం, కూలి నష్టం, చేసే పనిలో మార్పు, ఇంట్లోని తక్కిన జబ్బులతో కలిసి నడిచే దినచర్య. ఇది వలసకు దగ్గరి అనుభవం.

4. కృష్ణశాస్త్రి చివరి దశను విషాదంగా మాత్రమే కాక, చికిత్సానంతర జీవనంగా చదవవలసి ఉన్నది.

5. కరువు కథలు సాధించిన శిల్పం చికిత్సాకాలాన్ని చెప్పడానికి ఉపకరిస్తుంది.

ఇది సాహిత్యానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. రెండు ముగింపులే తెలిసిన మనిషి జుట్టు రాలినప్పుడు అంతా అయిపోయిందనుకోవచ్చు, ఒంట్లో కాస్త కులాసాగా ఉన్నప్పుడు నయమైందనుకుని మాత్రలు మానుకోవచ్చు. హార్మోన్లతో సంబంధమున్న రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వంటి మాత్రను 5 నుంచి 10 సంవత్సరాల వరకు వాడమంటారు. ఏ బాధా తెలియని రోజున కూడా ఆ మాత్ర వేసుకోవాలంటే, చికిత్సలో ఉండడం కూడా బతకడంలో ఒక భాగమే అన్న ఎరుక కావాలి. ఆ ఎరుకను వైద్యుడు 5 నిమిషాల్లో చెప్పలేడు. అది కథల ద్వారా ఇంటింటికీ చేరవలసినది. ‘నయమైందా?’, ‘ఎన్నాళ్లన్నారు?’ అన్న ప్రశ్నలకు తోడు ‘మళ్లీ ఎప్పుడు పోవాలి, తోడు ఎవరొస్తున్నారు, పిల్లలను మా ఇంట్లో వదిలిపోతావా?’ అన్న మాటలు కూడా వాడుకలోకి రావాలి. అటువంటి మాటలతో నడిచే కథలు తెలుగులో రావలసిన అవసరం ఎంతైనా ఉన్నది.